మాండలిన్ తయారీ: ఆ పాఠం ఎవరి కార్ఖానా కోసం రాసింది?

నేను చేసిన మొదటి మాండలిన్ మెడకి బిరడాలు, అంటే తీగల్ని బిగించే మరలు, ఎక్కలేదు. మెట్లకి గాడులు కోసేశాను, మెడ వెనక గుండ్రంగా చెక్కేశాను, సాండ్‌పేపర్‌తో నున్నగా రుద్దేశాను. తల దగ్గర అటు నాలుగు, ఇటు నాలుగు రంధ్రాలు వేసి, కొని తెచ్చిన బిరడాల పట్టీ పెట్టి చూస్తే మొదటి కాడ దూరింది. రెండోది రంధ్రం అంచు మీద కూర్చుంది. నాలుగోది రంధ్రానికి ఐదున్నర మిల్లీమీటర్ల అవతల నిలబడింది. తప్పుడు సైజు అంటగట్టారనుకుని అమ్మినవాళ్ళని మనసులో తిట్టుకున్నాను కూడా.

తప్పు బిరడాలది కాదు. నేను డబ్బు పెట్టి దించుకున్న అమెరికన్ డ్రాయింగ్ 24 బై 36 అంగుళాల కాగితానికి గీసింది. మన దగ్గర ఇళ్ళ ప్లాన్లు ప్రింట్ తీసే షాపుల్లో ఉండేది ఏ1 కాగితం. వాళ్ళ షీటు పొడవు 914 మి.మీ., మనది 841. కంప్యూటర్ దగ్గర కుర్రాడు 'కాగితానికి సరిపెట్టు' అనే ఆప్షన్ నొక్కాడు, నేను పక్కనే నిలబడి టీ తాగుతున్నాను. బొమ్మ చక్కగా పట్టింది, ఎనిమిది శాతం కుంచించుకుపోయి పట్టింది. మేరువు (తల దగ్గర తీగలు ఆనే ముక్క) నుంచి గుర్రం (పెట్టె మీద తీగలు ఆనే ముక్క) దాకా మోగే తీగ పొడవు 352 మి.మీ. ఉండాల్సింది 324కి వచ్చింది.

మరి మెట్లు కోసేటప్పుడే ఎందుకు దొరకలేదంటే, మెట్ల మధ్య దూరాలన్నీ ఆ మొత్తం పొడవుకి నిష్పత్తిలో ఉంటాయి. అన్నీ సమానంగా చిక్కిపోతే శ్రుతి చెడదు. 324 కూడా మాండలిన్‌కి పనికొచ్చే పొడవే, పాత ఇటాలియన్ మాండలిన్లు 330 దగ్గర ఉండేవి. ఫ్యాక్టరీలో తయారైన బిరడాల పట్టీ మాత్రం నా కాగితంతో పాటు చిక్కదు కదా. దాని కాడల మధ్య దూరం 23 మి.మీ., నా రంధ్రాల మధ్య 21. అక్కడ దొరికిపోయాను.

ఆ డ్రాయింగ్‌లో ఒక్క గీత కూడా తప్పు లేదు. అది వేరే దేశపు కాగితాన్ని మనసులో పెట్టుకుని గీసింది, అంతే. తర్వాత రెండేళ్ళు పుస్తకాలూ వీడియోలూ కిట్లూ తిరగేస్తుంటే ఇదే గొడవ వేషాలు మార్చుకుని ఎదురైంది. మాండలిన్ చేయడం నేర్పే ప్రతి పాఠం వెనకా ఒక కార్ఖానా ఉంటుంది. అక్కడి గాలి, అక్కడి చెక్క, అక్కడి మిషన్లు, అక్కడి కొలబద్ద. రాసినవాడికి అవి ఎంత మామూలంటే, వాటిని చెప్పాలని కూడా తోచదు. హైదరాబాద్ తార్నాకలో మేడ మీద రేకుల షెడ్డులో పని మొదలుపెట్టే మనం ఆ చెప్పనివి పట్టుకోవాలి. ఏ పుస్తకం కొనాలి, ఏ వీడియో చూడాలి అన్న ప్రశ్నకి నా దగ్గరున్న జవాబు అదే.

ముందు ఏ మాండలిన్?

మాండలిన్ అనేది ఒక వాద్యం పేరే గానీ, తయారీకొచ్చేసరికి నాలుగు వేర్వేరు వస్తువులు. నేపుల్స్ పద్ధతిది సగానికి కోసిన సొరకాయ బుర్రలా ఉంటుంది. పల్చటి చెక్క బద్దల్ని ఒక్కొక్కటే వంచి, అచ్చు మీద పక్కపక్కన అతికి ఆ కడుపు కడతారు. రెండోది అమెరికా రకం. మిషిగన్‌లోని కాలమజూలో ఆర్విల్ గిబ్సన్ వయొలిన్‌ని చూసి, మందపాటి పలకని పైకి ఉబ్బేలా చెక్కి చేశాడు. 1898లో పేటెంట్ వచ్చింది, 1902లో కంపెనీ పుట్టింది, 1922లో లాయిడ్ లోర్ అనే ఇంజనీరు అక్కడ ఉన్నప్పుడు వయొలిన్ తరహా రంధ్రాలతో ఎఫ్-5 అనే మోడల్ వచ్చింది. ఇంగ్లిష్‌లో దొరికే పాఠాల్లో ఎక్కువ భాగం ఈ ఎఫ్-5 చుట్టూనే తిరుగుతాయి. దాని భుజం మీద శంఖంలా ఒక చుట్ట ఉంటుంది, చూడముచ్చటగా ఉంటుంది. వాద్యం పలికే నాదానికి అది చేసే మేలు పెద్దగా లేదని చేసేవాళ్ళే ఒప్పుకుంటారు, పని మాత్రం విపరీతంగా పెంచుతుంది. చుట్ట లేకుండా కన్నీటి బొట్టు ఆకారంలో ఉండే ఏ-రకానికి లోపలి నిర్మాణం అదే. మూడోది గిటార్‌లా సమంగా ఉన్న పై పలకతో చేసేది. నాలుగోది గట్టి చెక్క ముక్కలో, తీగ కదలికని కరెంటు సంకేతంగా మార్చే పికప్ బిగించిన ఎలక్ట్రిక్.

మనలో చాలామందికి మాండలిన్ అనగానే గుర్తొచ్చేది ఈ నాలుగోదే. పాలకొల్లులో 1969లో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ కచేరీల్లో వాయించింది ఎలక్ట్రిక్ మాండలిన్, అదీ ఐదు విడి తీగలతో. పాశ్చాత్య మాండలిన్‌కి నాలుగు జంటలు, ఎనిమిది తీగలు. వయొలిన్‌లాగే జి, డి, ఎ, ఇ శ్రుతి. జంట తీగని గమకానికి లాగితే రెండూ ఒకేలా కదలవు, అందుకే విడి తీగ. కర్ణాటక సంగీతం వాయించుకోవడానికి మాండలిన్ చేద్దామనుకునే మనిషి బ్లూగ్రాస్ అనే అమెరికన్ జానపద బాణీ పుస్తకం ముందేసుకుని కూర్చుంటే, మొదటి పేజీ నుంచే ఆయన అడగని ప్రశ్నలకి జవాబులు వస్తుంటాయి. మేరువు వెడల్పు ఎనిమిది తీగల లెక్క. లోపలి బద్దల బలం ఎనిమిది తీగల లెక్క. ఎనిమిదీ శ్రుతికి బిగిస్తే మొత్తం లాగుడు 70 కిలోల పైమాటే, ఒక మనిషి బరువు. ఐదు విడి తీగల లెక్క వేరు, అదీ బోలు పెట్టెకి కాక గట్టి చెక్కకి బిగించినప్పుడు పూర్తిగా వేరు.

ఏ రకమో తేల్చుకోకుండా పుస్తకం కొనొద్దు. నేను కొన్నాను. అది ఇప్పటికీ అట్ట నలగకుండా ఉంది.

అంకెలు గొలుసులా ఉంటాయి

పాఠాలు ఎంచుకోవడంలో అందరం చేసే పని ఒకటుంది: పది చోట్ల చూసి, ఒక్కో చోట నచ్చినది ఏరుకోవడం. వంటలో అది నడుస్తుంది. ఇందులో నడవదు.

ఒక్క ఉదాహరణ. ఎఫ్-5 తరహా రంధ్రాలున్న మాండలిన్‌లో మెడ పెట్టెని కలిసేది 15వ మెట్టు దగ్గర. మధ్యలో కోలగుడ్డు రంధ్రం ఉండే చాలా నమూనాల్లో 12వ మెట్టు దగ్గర. రెంటికీ మోగే తీగ పొడవు అదే 352 అనుకుందాం. 12వ మెట్టు నుంచి గుర్రానికి దూరం సరిగ్గా సగం, 176 మి.మీ. 15వ మెట్టు నుంచి లెక్కిస్తే 148. మెడ ఒక డ్రాయింగ్ నుంచీ పెట్టె ఇంకో డ్రాయింగ్ నుంచీ తీసుకుంటే గుర్రం 28 మి.మీ. పక్కకి జరిగి కూర్చుంటుంది. పై పలక ఎక్కడ మందంగా ఉండాలో, కింద బద్దలు ఎక్కడ ఉండాలో గుర్రాన్ని బట్టి పెట్టారు. మనం ఆ బరువుని తెచ్చి ఆధారం లేని చోట మోపుతాం. వాద్యం మోగుతుంది, ఒక వేసవి. తర్వాత పలక కుంగుతుంది.

మెడ వాలు సంగతీ అంతే. మెడ పెట్టెకి కొంచెం వెనక్కి వాలి ఉంటుంది. ఆ వాలు, పై పలక ఉబ్బు, మెట్ల పలక మందం, గుర్రం ఎత్తు నాలుగూ ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. 148 మి.మీ. దూరంలో వాలు ఒక్క డిగ్రీ తప్పితే గుర్రం దగ్గర రెండున్నర మిల్లీమీటర్లకి పైగా తేడా. మరలు తిప్పి ఎత్తు సర్దే గుర్రం ఉంటే ఒక డిగ్రీ దాకా మింగుతుంది. రెండు డిగ్రీలు తప్పితే తీగలు వేలికి అందవు, లేదా మెట్లకి ఆనుకుని జరజరమంటాయి.

అందుకని నేను పుస్తకం చేతిలోకి తీసుకోగానే తిప్పేది మెడ వాలు పేజీకి. వాలు ఇంత అని అంకె పడేసి ఊరుకున్నారా, ఆ అంకె ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పారా? మీ పలక ఉబ్బు ఒక మిల్లీమీటరు తక్కువ వస్తే ఏం చేయాలో చెప్పారా? మొదటిసారి చేసేవాడి పలక ఎప్పుడూ డ్రాయింగ్‌లా రాదు. రానప్పుడు ఏం చేయాలో చెప్పేదే వాడికి పాఠం.

తర్వాత మెట్ల లెక్క. మొత్తం పొడవుని ఒక అంకెతో భాగిస్తే మొదటి మెట్టు దూరం, మిగిలినదాన్ని మళ్ళీ అదే అంకెతో భాగిస్తే రెండోది, అలా పోతుంది. ఆ అంకె 17.817. 352.4ని భాగిస్తే 19.78 మి.మీ., మిగిలిన 332.62ని భాగిస్తే 18.67. పాత కాలపు రచనల్లో 18 అని గుండుగుత్తగా ఉంటుంది. తేడా చిటికెడే అనిపిస్తుంది గానీ, 18తో లెక్కిస్తూ 12 మెట్లు ఎక్కేసరికి, పై స్థాయి స్వరం సరిగ్గా సగంలో పలకాల్సిన చోట 1.3 మి.మీ. వెనకబడతాం. చెవి ఉన్నవాడికి అది నిద్ర పట్టనివ్వదు. 18 అని రాసిన పాఠం కనిపిస్తే మెట్ల పేజీ వదిలేయండి. మిగతా పేజీల్ని కూడా కాస్త అనుమానంగానే చూడండి.

పుస్తకాల్లో రెండు పేర్లు తరచూ వినిపిస్తాయి. రోజర్ సిమినాఫ్ అమెరికన్, 1973లోనే బ్లూగ్రాస్ మాండలిన్ తయారీ మీద పుస్తకం రాశాడు, 2004లో దాన్ని మించిన పెద్ద మాన్యువల్ తెచ్చాడు. ఎఫ్-5 చేయాలన్న పట్టుదల ఉంటే అదే దారి. పద్ధతి ప్రకారం పోయే మనిషి, అచ్చులూ, చెక్కని పట్టి ఉంచే జిగ్గులూ దండిగా ఉంటాయి. గ్రాహం మెక్‌డొనాల్డ్ ఆస్ట్రేలియావాడు, ఆయన 'ది మాండొలిన్ ప్రాజెక్ట్' 2008లో వచ్చింది. సమతల పలక రకాన్నీ చెక్కుడు రకాన్నీ రెంటినీ పట్టించుకుంటాడు. మొదటి వాద్యానికి నేనైతే ఇటువైపే మొగ్గుతాను, సమతల పలక దగ్గర మొదలుపెట్టనిస్తాడు కాబట్టి. ఇది నా మొగ్గు మాత్రమే. చుట్ట చెక్కందే అది మాండలినే కాదనే మిత్రుడొకడు నాకున్నాడు. వాడిది నాలుగో ఏడు నడుస్తోంది, చుట్ట మాత్రం బాగుంది.

మూడో పుస్తకం ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద దొరికింది. మాండలిన్ ఊసే లేని, అట్ట చిరిగిన వడ్రంగం పుస్తకం. అందులో ఉలికి పదును పెట్టడం మీద పదిహేను పేజీలున్నాయి. వాద్యాల పుస్తకాలేవీ అంత చెప్పవు, నీ ఉలి అప్పటికే పదునుగా ఉందనుకుంటాయి. ముంజేతి మీద వెంట్రుకని గొరగలేని ఉలితో, పై పలకకి వాడే స్ప్రూస్ అనే మెత్తని చెక్కని చెక్కబోతే అది తెగదు, నలుగుతుంది. నా మొదటి పై పలక నలిగిందే.

హైదరాబాద్ గాలి

చిన్న సంగతిలా కనిపించి అన్నిటికంటే ఎక్కువ వాద్యాల్ని పాడు చేసేది ఇదే. మంచి పుస్తకాలు గాలిలో తేమ 45 శాతం చుట్టూ ఉన్న గదిలో పలకలు అతకమంటాయి. చలి దేశంలో ఇల్లు మూసుకుని, హీటరూ ఏసీ పెట్టుకుని పనిచేసేవాడికి అది సాధ్యం. మన ఊళ్ళో మే నెల మధ్యాహ్నం తేమ 30 లోపుకి పడిపోతుంది, ఆగస్టు ఉదయం 80 దాటుతుంది. గోడకి ఒక చిన్న తేమ మీటరు తగిలించి ఏడాది పాటు నోట్ చేశాను. నేను పనికి పెట్టుబడి పెట్టిన వస్తువుల్లో అన్నిటికంటే చవకైనదీ, ఉపయోగపడ్డదీ అదే.

గాలి తేమ మారితే చెక్కలోపలి తేమ నెమ్మదిగా మారుతుంది. లోపలి తేమ ఒక్క శాతం మారినా 250 మి.మీ. వెడల్పు స్ప్రూస్ పలక అడ్డంగా మిల్లీమీటరులో మూడో వంతు సాగుతుంది లేదా కుంచించుకుపోతుంది. నిలువునా కదలిక లేనట్టే. లోపల అడ్డంగా అతికిన బద్ద నిలువు నారది, కదలదు. కదిలే పలకనీ కదలని బద్దనీ జిగురుతో కట్టేశాం. వానాకాలంలో ఉబ్బి ఉన్నప్పుడు కడితే, మేలో ఆ పలక కుంచించుకోబోయి, చోటు లేక చీలుతుంది. ఎండాకాలంలో కడితే వానల్లో కాస్త పైకి ఉబ్బుతుంది, అంతే. చీలిక కంటే ఉబ్బు నయం. కాబట్టి మన దగ్గర పెట్టె మూయాల్సింది ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ లోపు. ఏ పుస్తకంలోనూ ఈ నెలల పేర్లు ఉండవు. అయినా తేమ గురించి ఒక్క అధ్యాయమైనా ఉన్న పుస్తకం నుంచి మనకి మనం ఈ లెక్క తీసుకోవచ్చు. తేమ మాటే ఎత్తని పాఠం ఎంత అందంగా ఉన్నా నేను కొనను.

జిగురు కూడా ఇందులో భాగమే. మామూలు ఫర్నిచర్ తెల్ల జిగురు నిరంతరం లాగుడు ఉన్న చోట మెల్లగా జారుతుంది, వేడి తగిలితే ఇంకా. మంచానికి పర్వాలేదు, 70 కిలోలు రాత్రింబవళ్ళు లాగే మెడ అతుకుకి పనికిరాదు. ఎండలో పెట్టిన కారులో వాద్యాన్ని వదిలితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. వాద్యాలు చేసేవాళ్ళు పసుపు జిగురో, వేడి చేసి రాసే పశు జిగురో వాడతారు. పశు జిగురు మంచిది, తర్వాత విప్పుకోవచ్చు. కానీ చలి దేశపు పుస్తకం "త్వరగా చేయండి, గడ్డకడుతుంది" అని కంగారు పెడుతుంది. మన ఏప్రిల్‌లో అంత తొందర లేదు. ఒక్క విషయంలోనైనా మన ఎండ మన పక్షాన ఉంది.

లక్క పాలిష్ వానల్లో వేయకండి, తెల్లగా మసకబారుతుంది.

చెక్క, డిపోలో

బోయిగూడలో ఒక టింబర్ డిపోకి వెళ్ళి మాండలిన్‌కి చెక్క కావాలన్నాను.

"తలుపుకా సార్, కిటికీకా?"

"వాద్యానికి. వీణ లాంటిది."

"మందిరం చేయిస్తున్నారా?"

చివరికి మేమిద్దరం ఒక ఒప్పందానికి వచ్చాం. నేను ఏమీ అడగను, ఆయన నన్ను పలకల కొనలు చూసుకోనిస్తాడు. కొన చూస్తే వలయాలు ఎటున్నాయో తెలుస్తుంది. వాద్యానికి కావాల్సింది వలయాల గీతలు పలక ముఖానికి నిట్టనిలువుగా ఉన్న ముక్క, అది తక్కువ కదులుతుంది. తలుపులకి అడ్డకోత కోస్తారు, వలయాలు పడుకుని ఉంటాయి. వంద పలకల్లో నాలుగైదు పొరపాటున నిలువుగా వస్తాయి. పుస్తకం "నిలువు కోత చెక్క తీసుకోండి" అని ఒక్క వాక్యంలో తేల్చేస్తుంది, ఎందుకంటే అక్కడ వాద్యాల చెక్క అమ్మే దుకాణాలున్నాయి. మనకి ఆ వాక్యం ఒక మధ్యాహ్నం.

పుస్తకాలు చెప్పే మేపుల్ మన డిపోల్లో దొరకదు. అడుగు పలకకీ పక్కలకీ జిట్రేగి, పనస వాడొచ్చు. మెట్ల పలకకి జిట్రేగి భేషుగ్గా ఉంటుంది. పాత ఇళ్ళు పడగొట్టినచోట దొరికే టేకు దూలం మెడకి మంచిదే, దశాబ్దాలుగా ఆరి ఉంటుంది. టేకులో నూనె ఉంటుంది కాబట్టి అతికే ముందు థిన్నర్‌తో తుడవాలి, ఇది ఏ అమెరికన్ మాండలిన్ పాఠంలోనూ నాకు కనబడలేదు, ఒక మేస్త్రీ చెప్పాడు. పై పలకకి మాత్రం రాజీ పడకండి, స్ప్రూస్ తెప్పించుకోండి. అంత తేలిగ్గా, అంత బిగువుగా ఉండే చెక్క ఇక్కడి డిపోల్లో నాకు దొరకలేదు. మాండలిన్ పై పలక చిన్నది, కొరియర్ ఖర్చు భరించొచ్చు.

పనస అన్నాను గనుక బొబ్బిలి సంగతి. బొబ్బిలి వీణని ఒకే పనస దుంగలోంచి తొలుస్తారు. ఆ పని దగ్గర కూర్చుని చూడగలిగితే చెక్కని ఎంచుకోవడం, తొలవడం, గోడ మందాన్ని వేళ్ళతో అంచనా వేయడం ఏ వీడియో నేర్పలేనంతగా వస్తాయి. మెట్ల విషయంలో మాత్రం ఆ గురువు దారి వేరు. వీణకి మైనం మీద మెట్లు నిలుపుతారు, మేళం కడతారు. చెవికి నచ్చకపోతే మైనం కరిగించి జరుపుతారు. మాండలిన్ మెట్టు గాడిలోకి సుత్తితో దిగుతుంది, అర మిల్లీమీటరు తప్పినా అక్కడే ఉంటుంది. చెక్క పనికి ఆయన, మెట్ల లెక్కకి కాలిక్యులేటరు.

వీడియోలు దాచేవి

వీడియో చూస్తే పని వచ్చేసినట్టే ఉంటుంది. రెండు మిల్లీమీటర్ల పక్క పట్టీని తడిపి, కాగిన గొట్టం మీద ఆనించి మెల్లగా నొక్కితే వెన్నలా వంగుతుంది. తర్వాతి షాట్‌లో అది అచ్చులో ఉంటుంది. మధ్యలో కోసేసిన పది నిమిషాల్లోనే అసలు విద్య ఉంది: చేతికి తగిలే ఎదురు ఎప్పుడు సడలుతుంది, చిటచిట ఎప్పుడు వినపడుతుంది, ఎప్పుడు ఆపాలి. నేను మూడు పట్టీలు విరిచాను.

అందులో ఒకటి విరగడం కాదు, మాడింది. వీడియోలో ఆయన గొట్టం వేడి 300 డిగ్రీలు అన్నాడు. మాంసం థర్మామీటరు పెట్టి నేను 300 దాకా కాచాను. ఆయనవి ఫారెన్‌హీట్. మన లెక్కలో 150. షెడ్డు నిండా పొగ, కింది వాటావాళ్ళు పైకొచ్చారు. ఆ తర్వాత థర్మామీటరు మానేశాను. గొట్టం మీద నీళ్ళు చిలకరిస్తే దోసె పెనం మీద లాగా చుక్కలు గెంతుతూ ఆవిరైపోవాలి. ఇంట్లో అందరికీ వచ్చిన కొలత అది.

కాబట్టి వీడియోని ఎంచుకునేటప్పుడు నేను మూడు చూస్తాను. కెమెరా కష్టమైన చోట నిలబడిందా, కట్ అయిందా. చేతిపనిముట్లతో చేస్తున్నాడా, లేక లక్షల మిషన్ల మధ్య నిలబడి "సులభమే" అంటున్నాడా. అన్నిటికంటే ముఖ్యం, తప్పు చేసి చూపించాడా. రంపం పక్కకి పోయింది, ఇలా సరిచేశాను అన్న రెండు నిమిషాలు నాకు గంట ఉపన్యాసం కంటే ఎక్కువ. మిషన్ అవసరమే అయితే రాయదుర్గంలో టీ-వర్క్స్ లాంటి చోట్లున్నాయి, అచ్చులు లేజర్‌తో కోయించుకోవచ్చు. కోయించేముందు మిల్లీమీటర్లలో ఒక గీత కొలిచి చూసుకోండి. నేనెందుకు చెబుతున్నానో మీకు తెలుసు.

ఒక తగాదా కూడా ఉంది, పాఠాలు ఎంచుకునేవాడు తెలుసుకోవాల్సింది. పై పలకని వేలి కణుపుతో తట్టి, ఫలానా స్వరం పలికేదాకా పల్చన చేయాలంటారు ఒక వర్గం, సిమినాఫ్ అటువైపు. పలక మీద బరువు పెట్టి ఎంత వంగిందో కొలవమంటారు ఇంకొందరు. మృదంగం మూతి మీద రాయితో తట్టి శ్రుతి కూర్చే చెవులకి మొదటిది వెంటనే నచ్చుతుంది. నాకూ నచ్చింది. కానీ ఆ మృదంగాన్ని మళ్ళీ బిగించొచ్చు, గీరేసిన చెక్కని మళ్ళీ అతకలేం. మొదటి వాద్యానికి మందం పట్టిక ఇచ్చిన పాఠం పట్టుకుని, అది చెప్పినదానికంటే అర మిల్లీమీటరు మందంగానే ఆపేయండి. చెవి పని రెండో దానికి.

కిట్లంటారా, కిట్ కొనడం పులిహోర పేస్టు తెచ్చి అన్నంలో కలపడం లాంటిది. తినడానికి బాగుంటుంది. వంచడం, మెడ అతుకు అప్పటికే అయిపోయి వస్తాయి. పండక్కి వాయించే వాద్యం కావాలంటే కిట్ కొనండి.

దానికంటే నాకు ఎక్కువ నేర్పింది ఒక పాత, చవకరకం కోల్‌కతా మాండలిన్. పలక పగిలి, మెడ లేచిపోయి, సెకండ్‌హ్యాండ్‌లో దొరికింది. వేడి చేసిన పల్చటి కత్తితో వెనక పలక ఊడదీశాను. లోపల బద్దలు ఎక్కడున్నాయో, మెడ ఎలా దిగిందో, ఏది ఎందుకు ఓడిపోయిందో అంతా కళ్ళముందు ఉంది. మెట్లు మేరువు నుంచి కొలిస్తే 12వ మెట్టు సగానికి మిల్లీమీటరుకి పైగా ఇవతలే ఆగింది. ఎవరో 18తో భాగించారు. ఆ కార్ఖానాలో ఏ పాఠం చదివారో నాకు అప్పుడు అర్థమైంది.

ఇప్పుడు షెడ్డులో ఉన్నది రెండో మాండలిన్. కన్నీటి బొట్టు ఆకారం, సమతల పలక, పనస వెనక. పెట్టె మార్చిలో మూశాను. డ్రాయింగ్ ఒక్కటే, పుస్తకం ఒక్కటే, రెండూ ఒకే మనిషివి.

మొదటి మెడ పారేయలేదు. తప్పు రంధ్రాలకి చెక్క మేకులు కొట్టి పూడ్చి, పట్టీ లేని విడి బిరడాలు ఐదు పెట్టాను, వాటికి పక్కవాటి దూరంతో పనిలేదు. టేకు దూలం ముక్కని పెట్టెగా కోసి, పికప్ బిగించి, ఐదు తీగలు వేశాను. పొడవు 324 కాబట్టి అదే శ్రుతికి లాగుడు పదిహేను శాతం తగ్గింది, తీగలు ఒక సైజు లావువి వేయాల్సి వచ్చింది. మా మేనకోడలు దాని మీద సరళీ వరుసలు వాయిస్తోంది. చిన్న చేతులు గదా మామయ్యా, నాకోసమే పొట్టిగా చేశావా అని అడిగింది. అవునన్నాను.